కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2025-26: బండెక్కి చెన్నపట్నం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మామూలు పనులు మామూలుగానే జరిగాయి. వానలకు ముందే సైడు కాలవల్లో పూడిక తీయించాం, చివరి రెండు వీధులు తప్ప. ఆ బాకీ ఈ వేసవిలో తీరుస్తాం. రొట్టెల పండక్కి మన నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర మజ్జిగ పోశాం. సంక్రాంతి ముగ్గుల పోటీ బహుమతుల మీద వచ్చిన ఫిర్యాదుల గురించి రాయాలంటే ఇంకో నివేదిక కావాలి. లెక్కల పుస్తకం కోశాధికారి గారి దగ్గరుంది, ఎవరైనా చూసుకోవచ్చు.

ఎక్కువమంది అడుగుతున్నది చెన్నై యాత్ర సంగతి కాబట్టి అదే వివరంగా రాస్తున్నాను.

ఏసీ బస్సు మాట్లాడదామని కొందరు గట్టిగా పట్టుబట్టారు. ఇంటి ముందు ఎక్కి ఇంటి ముందు దిగొచ్చన్నది నిజమే. కానీ మైలాపూరు మాడ వీధుల్లో అంత బస్సును ఎక్కడ నిలబెడతారో చెప్పమంటే ఎవరూ నోరు మెదపలేదు. చివరికి రైలు, మెట్రో, సిటీ బస్సు, లేకుంటే కాళ్లు అని తీర్మానించాం. ఆటో ఎక్కితే ఎవరి డబ్బులు వాళ్లవే.

ఫిబ్రవరిలో ఒక శనివారం 31 మందిమి పినాకినీ ఎక్కాం. పెన్నమ్మ పేరు పెట్టుకున్న బండి, మనకు మనింటి బండి లాంటిదే. గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట దాటి తడ వచ్చేసరికి పులిహోర గిన్నెలు ఖాళీ.

సెంట్రల్‌లో దిగి, సబ్‌వేలో రోడ్డు దాటితే పార్క్ టౌన్ స్టేషను. అక్కడినుంచి ఎంఆర్‌టీఎస్ బండి, అరవంలో ‘పరక్కుం రయిల్’, అంటే ఎగిరే రైలు. మైలాపూరుకు టికెట్టు ఐదు రూపాయలు. 1995లో బీచ్ నుంచి చేపాక్ దాకా మొదలై, 2007కి వేళచ్చేరి చేరింది. ఊరి మధ్యలో జాగా దొరక్క చాలా దూరం కాలవ వెంబడే, కొన్నిచోట్ల కాలవలోనే స్తంభాలు దించి కట్టారు. ఆ కాలవ మన బకింగ్‌హామ్ కాలవే.

మైలాపూరు స్టేషను పేరు తిరుమయిలై. అక్కడ దిగాక మా మాజీ కోశాధికారి గారు మెట్ల దగ్గర ఆగిపోయారు. ఆయనది మైపాడు పక్క పల్లె. కిటికీలోంచి కిందకి చూస్తే స్తంభాల మధ్య నల్లటి నీళ్లు, దాంట్లో ఒక చెప్పు, కొబ్బరి బొండాలు. “ఇదేనా బా మన కాలవ?” అన్నారు. వాళ్ల నాయన సరుగుడు కట్టెలు పడవకెత్తి ఈ దారినే చెన్నపట్నం పంపేవాడట. గాలి లేనిరోజు ఇద్దరు మనుషులు గట్టున నడుస్తూ తాడుతో పడవను లాగేవాళ్లట. వెనక జనం తోసుకుపోతున్నా ఆయన కదల్లేదు. మేమూ తొందరపెట్టలేదు.

కపాలీశ్వరుడి దర్శనం చేసుకుని రాయపేట హైరోడ్డుకు నడిచాం. 126వ నంబరు ఇల్లు. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు గారు దీక్షకు కూర్చున్నది, 58వ రోజు డిసెంబరు 15న కన్నుమూసింది అక్కడే. 2008 నుంచి మన జిల్లాకు ఆయన పేరే. దరఖాస్తుల మీద రోజూ రాస్తుంటాం, అంతకుముందు ఆ ఇల్లు చూసినవాళ్లు మాత్రం మా 31 మందిలో ఒక్కరే.

రాత్రికి ఎగ్మూరులో బస. లాడ్జి గురించి ఒక్కటే మాట: ఫోన్లో చెప్పిన వేడినీళ్లు ఫోన్లోనే ఉన్నాయి.

ఆదివారం పొద్దున పిల్లల కోసం ఎగ్మూరు నుంచి కోయంబేడు దాకా మెట్రో ఎక్కాం. 2015లో చెన్నైలో మెట్రో మొదట నడిచింది కోయంబేడు, ఆలందూరు మధ్యే. తిరుమంగలం దాటాక బండి నేలలోంచి బయటికొచ్చి పైకెక్కుతుంటే పిల్లలు వేసిన కేకకు పెట్టెలో తమిళులంతా మావైపే చూశారు. తిరిగొచ్చి మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూశాం. మధ్యాహ్నం లోకల్‌లో మాంబళం, రంగనాథన్ వీధి. అక్కడ ఏం జరిగిందో మీ మీ ఇళ్లలో సంచులే చెబుతాయి.

తిరుగు ప్రయాణంలో జరిగిన పొరపాటు నాదే. “సాయంత్రం అందరూ సెంట్రల్‌కు రండి” అని మెసేజ్ పెట్టాను. లోకల్ బండ్లు పక్కనున్న మూర్ మార్కెట్ కాంప్లెక్సు నుంచి కదులుతాయని, మన బండి మాత్రం పెద్ద స్టేషన్లోదని రాయలేదు. ఆరుగురు అక్కడే కూర్చున్నారు. బండి వెళ్లిపోయింది. అయితే ఉత్తరం వైపు లోకల్ గుమ్మిడిపూండితో ఆగదు, కొన్ని బండ్లు సూళ్లూరుపేట దాకా వస్తాయి. వాళ్లు దాంట్లో వచ్చి, అక్కడ ఆర్టీసీ బస్సెక్కి అర్ధరాత్రి ఇల్లు చేరారు. వాళ్ల బస్సు ఛార్జీలు సంఘమే ఇచ్చింది. నాకు పడిన చీవాట్లు లెక్కల్లో రాయలేదు.

మాజీ కోశాధికారి గారి కోరిక మీద వచ్చే నెల మొదటి ఆదివారం ఆర్టీసీ బస్సులో మైపాడు పోతున్నాం, అక్కడి కాలవ చూడటానికి. వచ్చేవాళ్లు వాచ్‌మన్ దగ్గరున్న పుస్తకంలో పేర్లు రాయండి. మధ్యాహ్నం చేపల పులుసు ఆయనింట్లోనే.

ఇట్లు,
కార్యదర్శి