మంచు హాకీలో కొట్లాటకు అయిదు నిమిషాల శిక్ష చాలదు

సంపాదకులకు నమస్కారాలు.

2025 ఫిబ్రవరిలో మాంట్రియల్‌లో అమెరికా, కెనడా జట్ల మధ్య జరిగిన ఐస్ హాకీ మ్యాచ్‌లో తొలి తొమ్మిది సెకన్లలోనే మూడు జంటలు ముష్టియుద్ధానికి దిగిన వీడియోను మా మనవడు ఈమధ్య నాకు చూపించి, "తాతా, రిఫరీ ఎందుకు ఆపడం లేదు?" అని అడిగాడు. ముప్పై ఏళ్లు పిల్లలకు కబడ్డీ నేర్పిన వ్యాయామ ఉపాధ్యాయుడినై ఉండి కూడా జవాబు చెప్పలేక, ఆ ఆట నిబంధనలు తెలుసుకున్నాకే ఈ లేఖ రాస్తున్నాను.

ఆ మ్యాచ్‌ను నిర్వహించిన, ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్‌లో కొట్టుకున్నవారిని సాధారణంగా అయిదు నిమిషాలు పక్కన కూర్చోబెట్టి మళ్లీ ఆటలోకి రానిస్తారు. 1922 నుంచి ఉన్న ఈ పద్ధతి నా దృష్టిలో కొట్లాటకు కట్టించుకునే రుసుము వంటిది. ముందుగా కయ్యానికి కాలు దువ్వినవారికి 1992లో అదనపు శిక్ష చేర్చినా, అసలు వెసులుబాటు అలాగే మిగిలింది.

దీన్ని సమర్థించేవారి వాదనను తేలికగా తీసిపారేయలేము. మంచు మీద మహావేగంతో, చేతిలో కర్రతో ఆడే ఆటలో ఎదుటి జట్టులో ఒక బలశాలి ఉన్నాడన్న భయమే దొంగదెబ్బలను ఆపుతుందని వారంటారు. అయితే దొంగదెబ్బను శిక్షించడం రిఫరీ పని. ఆయన చేయలేని పనిని పిడికిలికి అప్పగిస్తే ఇక ఈలకు విలువేముంది? పైగా 1998 నుంచి 2014 వరకు ఇదే లీగ్ ఆటగాళ్లు అయిదు ఒలింపిక్స్‌లో ఆడారు. అక్కడ కొట్లాటకు దిగితే మ్యాచ్ నుంచే పంపివేస్తారని తెలిసి చేతులు అదుపులో పెట్టుకున్నవారికి ఇక్కడ ఆ నిగ్రహం ఎందుకు అసాధ్యమో నాకు అర్థం కాదు.

కబడ్డీలో చేయి విరిగిన పిల్లలను నేనే ఎన్నోసార్లు పుత్తూరు కట్టుకు తీసుకువెళ్లాను. నెల తిరిగేసరికి చాలామంది కోలుకునేవారు. మెదడుకు అటువంటి కట్టు లేదు. కొట్లాటలకే పేరుపడిన ఆ లీగ్ ఆటగాడు డెరెక్ బూగార్డ్ 2011లో 28 ఏళ్లకే మరణించాడు. మద్యం, నొప్పి మందులు కలవడం తక్షణ కారణమే అయినా, తలకు పదేపదే తగిలే దెబ్బలతో ముడిపడిన సి.టి.ఇ. వ్యాధి ఆయన మెదడులో ఉన్నట్లు బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గుర్తించారు. అంతకు రెండేళ్ల ముందు కెనడాలోని ఒంటారియోలో, కొట్లాటలో హెల్మెట్ ఊడి తల మంచుకు తగిలిన 21 ఏళ్ల యువకుడు కోమాలోనే కన్నుమూశాడు.

ప్రేక్షకులు లేచి నిలబడి కేకలు వేస్తారన్నది నిజమే. మా ఊరి పోటీల్లోనూ ఇద్దరు కలబడితే జనం ఈలలు వేసేవారు; అయినా ఆ ఇద్దరినీ కోర్టు బయటికి పంపకుండా ఆట సాగనిచ్చేవాళ్లం కాదు. 2008-09 సీజన్‌లో 700 దాటిన కొట్లాటలు ఇటీవలి సీజన్లలో సగానికి తగ్గినా ఆ లీగ్‌కు ఆదరణ పడిపోలేదు. కెనడాలోని క్యూబెక్ జూనియర్ హాకీ లీగ్ 2023లోనే కొట్లాటకు మ్యాచ్ నుంచి బహిష్కరణను అమలులోకి తెచ్చింది. పదహారేళ్ల కుర్రవాళ్లకు వర్తించే ఆ నియమాన్నే కోట్లు గడించే పెద్దలకూ వర్తింపజేయాలి. రెండోసారి దిగినవారిని తర్వాతి మ్యాచ్‌లకూ దూరం పెట్టాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
తిరుపతి.