మా పాప చెయ్యి తెరుచుకుంది... ఏఎన్‌ఎం అప్పా, మీకు దండాలు

నిన్న రాత్రి మా పాప పప్పన్నం తనే కలుపుకుని తింది. కుడిచేత్తో. రెండేళ్లుగా ఎడమచేత్తో స్పూను పట్టుకుని తింటున్న పిల్ల. పడుకోబోతూ ఇది రాయాలనిపించింది.

మాది నరసన్నపేట దగ్గర పల్లె. పాపకి నాలుగేళ్లప్పుడు వేడి గంజి గిన్నెలో చెయ్యి పెట్టేసింది. నేను రెండడుగుల దూరంలోనే ఉన్నాను. పుండు మానడానికి నెలన్నర పట్టింది. మానిందని సంబరపడ్డాం గానీ, మానేకొద్దీ చర్మం బిగుసుకుపోయి ఉంగరం వేలూ చిటికెన వేలూ అరచేతిలోకి ముడుచుకుపోయాయి. మానుతున్న రోజుల్లోనే వేళ్లు చాపి, వంగకుండా పట్టే గట్టి పట్టీ (స్ప్లింట్) కట్టి ఉంచాలని అప్పుడు మాకు తెలీదు.

బడిలో వేశాక పెన్సిల్ పట్టలేకపోతోందని టీచరమ్మ కబురు పెట్టారు. తెలిసినవాళ్లు చెబితే ఒక క్లినిక్‌కి వెళ్లాం. బోర్డు మీద 'కాస్మెటిక్ సర్జన్' అని పెద్దక్షరాలు. ఆపరేషన్‌కి అరవై వేలవుతుంది, ఈ గదిలోనే మత్తిచ్చి గంటలో చేసేస్తాం, సాయంత్రానికి ఇంటికెళ్లిపోవచ్చు అన్నారు. నా గొలుసు తాకట్టు పెట్టడానికి సిద్ధమైపోయాం.

ఆ వారమే టీకాల రోజున మా ఊరి నర్సమ్మ, మేం అప్ప అని పిలుచుకునే ఏఎన్‌ఎం, పాప చెయ్యి చూశారు. సంగతంతా విని, "ఎంతవుతుందో అడిగావు సరే, ఆయన ఏం చదివారో అడిగావా చెల్లీ?" అన్నారు. అడగలేదు. డాక్టరుగారిని చదువు అడగడానికి మాలాంటివాళ్లకి నోరు ఎలా వస్తుంది?

అంగన్‌వాడీ అరుగు మీద కూర్చుని ఆ క్లినిక్‌లో ఇచ్చిన మందుల చీటీ తీయించారు. ఇలాంటి చెయ్యి సరిచేయాల్సింది ప్లాస్టిక్ సర్జన్ అట. ప్లాస్టిక్ సర్జన్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్లు జనరల్ సర్జరీలో ఎంఎస్, ఆ మీద మరో మూడేళ్లు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ చదవాలట. లేదంటే వాటికి సమానమైన డీఎన్‌బీ, డాక్టరేట్ ఎన్‌బీ అనే డిగ్రీలు ఉండాలి. చీటీ మీద ఎంబీబీఎస్, దాని కింద ఏదో కొన్నాళ్ల కోర్సు పేరు, అంతే. రిజిస్ట్రేషన్ నంబరు పట్టుకుని జాతీయ వైద్య కమిషన్ సైటులో ఫోన్లోనే వెతికి చూపించారు. అక్కడా సర్జరీ డిగ్రీ ఏదీ లేదు. "పసిపిల్లకి మత్తివ్వాలంటే మత్తు డాక్టరు వేరే ఉండాలి, థియేటర్ ఉండాలి. ఆ గదిలో ఉన్నాయా?" అన్నప్పుడు నా కాళ్లలో వణుకు పుట్టింది. జుట్టు నాటడం లాంటి వాటికే వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకున్నది చాలదని 2022లో ఆ కమిషన్ చెప్పిందని తర్వాత తెలిసింది. ఇది పసిపిల్ల చెయ్యి.

ఆవిడ మాటతోనే విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో ప్లాస్టిక్ సర్జరీ ఓపీకి వెళ్లాం. మా అత్తగారు చేతిలో ప్లాస్టిక్ పెడతారేమోనని దారంతా ఏడుస్తూనే ఉన్నారు. ప్లాస్టిక్ అంటే ఇక్కడ మలచడం అని, పెట్టేది పాప సొంత చర్మమేనని డాక్టరుగారు ఆవిడ పక్కన కూర్చుని చెప్పారు. పాప చెయ్యి కాగితం మీద పెట్టి పెన్నుతో చుట్టూ గీసి, ఏ వేలు ఎంతవరకు వస్తుందో గీతల్లో చూపించారు. గజ్జ దగ్గర చర్మం తీసి వేస్తాం, రంగు అరచేతిలా ఉండదు, పిల్ల పెరిగేకొద్దీ మచ్చ అంత పెరగదు కాబట్టి మళ్లీ ఒకసారి చెయ్యాల్సి రావచ్చు అన్నారు. కానిది కాదని ముందే చెప్పారు చూడండి, అక్కడే నాకు గుండె కుదుటపడింది.

ఉచిత వైద్యం ఇచ్చే ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్య సేవ కాగితాలన్నీ ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్ర తమ్ముడు దగ్గరుండి చేయించాడు. గొలుసు నా మెడలోనే ఉంది. ఆపరేషన్ అయ్యాక మూడు వారాలు వేళ్లలో సన్నటి తీగలు ఉంచారు. రాత్రిపూట స్ప్లింట్ ఇంకా కడుతున్నాం. ఫిజియోథెరపీ మేడమ్ చెప్పినట్టు రోజూ గోధుమపిండి ముద్ద పిసికిస్తున్నాను. మొదట్లో నొప్పికి కేకలు పెట్టేది, ఇప్పుడు ఆ పిండితో పక్షులు చేస్తోంది.

డాక్టరుగారికి, డ్రెస్సింగ్ చేసిన సిస్టర్లకి, వార్డులో మాకు వేడినీళ్లు పట్టి తెచ్చిన పక్క మంచం మామ్మకి చేతులెత్తి దండం. అప్పా, ఆ రోజు మీరు ఆ ఒక్క మాట అడక్కపోతే మేం ఆ గదిలోకే వెళ్లేవాళ్లం. సంక్రాంతికి అరిసెలు తెస్తాం, ఇంట్లో ఉండండి. పాప తన చేత్తోనే ఇస్తానంటోంది.