పేరు అడిగి కొట్టిన సంగతి ఫిర్యాదులో ఎందుకు లేదు?: హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన హోం మంత్రి గారికి నమస్కారం.

విద్వేష దాడుల బాధితులకు తోడుగా పోలీస్ స్టేషన్లకు, కోర్టులకు కొన్నేళ్లుగా వెళ్తున్నాను. కొత్త చట్టం తెమ్మని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఫిర్యాదు రాసుకునే మొదటి గంట గురించి మీతో మాట్లాడాలి.

ఒక సాయంత్రం ఓ కుర్రాడు తలకు కట్టుతో స్టేషన్ బల్ల మీద కూర్చున్నాడు. నడిచి వెళ్తుంటే నలుగురు అడ్డగించి ముందు పేరు అడిగారట. పేరు విన్నాక కొట్టారు. జేబులో ఫోన్ అలాగే ఉంది, డబ్బూ అలాగే ఉంది. ఫిర్యాదు రాసుకున్నాయన మంచివాడే. మంచినీళ్లిచ్చాడు, ఓపిగ్గా విన్నాడు. కాగితం మీద మాత్రం "మాటా మాటా పెరిగి కొట్టుకున్నారు" అని రాశాడు. పేరు అడిగిన సంగతి అందులోకి రాలేదు. కాగితంలో లేదు కాబట్టి తర్వాత వచ్చిన అధికారి అడగలేదు, కోర్టులో ఎవరూ ఎత్తలేదు. చిన్న కొట్లాటగా మొదలైన కేసు చిన్న కొట్లాటగానే మూతపడింది.

ఐరోపా భద్రతా సహకార సంస్థ విద్వేష నేరాన్ని రెండే రెండు విషయాలతో గుర్తిస్తుంది. జరిగింది చట్టప్రకారం నేరం అయి ఉండాలి. బాధితుణ్ణి అతని మతం, జాతి, భాష, లైంగికత, వైకల్యం లాంటి గుర్తింపు పట్ల ఉన్న వివక్షతో ఎంచుకుని ఉండాలి. దాడి చేసినవాడి మనసులో ఎంత ద్వేషం ఉందో కొలవక్కర్లేదు. ఎవరో ఒక అభిప్రాయం చెబితే అది మనకు నచ్చకపోవడం వేరే సంగతి, దాన్ని ఇందులో కలపకండి. రెండూ కలిపితే అసలు బాధితుడే వెనక్కి పోతాడు.

దొంగతనం జరిగితే సొత్తు పోయినవాడు ఏడుస్తాడు. పేరు అడిగి కొడితే, అలాంటి పేర్లున్న ఇళ్లన్నీ ఆ రాత్రి తొందరగా తలుపులు వేసుకుంటాయి. మర్నాడు పిల్లల్ని బడికి పంపాలంటే తల్లులకు టెన్షన్. ఈ నష్టం ఏ గాయాల సర్టిఫికెట్‌లోనూ కనిపించదు. అందుకే కారణం రాయమని ఇంతగా అడుగుతున్నాను.

1993 ఏప్రిల్ 22న లండన్‌లో స్టీఫెన్ లారెన్స్ అనే 18 ఏళ్ల నల్లజాతి కుర్రాడు బస్సు కోసం చూస్తుండగా తెల్లజాతి యువకుల గుంపు కత్తులతో పొడిచి చంపింది. మీద పడేముందు వాళ్లు జాతి పేరుతో తిట్టారని పక్కనే ఉన్న స్నేహితుడు చెప్పాడు. ఆ స్నేహితుణ్ణి పోలీసులు బాధితుడిగా చూడనే లేదని తర్వాత విచారణలో తేలింది. అది జాతి ద్వేషంతో చేసిన హత్య అని ఒప్పుకోవడానికి కొందరు అధికారులు ఎన్నాళ్లకీ సిద్ధపడలేదు. హంతకుల్లో ఇద్దరికి శిక్ష పడేసరికి 2012 వచ్చింది. ఆ తల్లిదండ్రులు దాదాపు 19 ఏళ్లు తిరిగారు.

ఆ కేసుపై 1999లో వచ్చిన మెక్‌ఫర్సన్ నివేదికలో ఒక మాట మీ అధికారులందరికీ తెలియాలి. బాధితుడికి గానీ ఇంకెవరికైనా గానీ అది జాతి వివక్షతో జరిగిందని అనిపిస్తే, దాన్ని అలాగే నమోదు చేసి దర్యాప్తు చేయాలి. నమోదు చేసినంత మాత్రాన ఎవరూ దోషి అయిపోరు. రుజువు సంగతి కోర్టు చూసుకుంటుంది. కానీ మొదట రాయనిదాన్ని ఏ కోర్టు మాత్రం ఎలా చూస్తుంది?

న్యూజిలాండ్‌లో 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్‌లోని రెండు మసీదుల్లో 51 మందిని కాల్చి చంపాక ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్ అనే విచారణ సంఘం కూడా ఇదే చెప్పింది. నేరం వెనక ద్వేషం ఉందేమో పోలీసులు పద్ధతిగా నమోదు చేయాలని, అందుకు సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని సిఫారసు చేసింది. అంతమంది పోయాక రాసిన సిఫారసు అది.

లెక్కల విషయానికొస్తే, అమెరికాలో 1990 నుంచి విద్వేష నేరాలను లెక్కపెట్టడానికి చట్టమే ఉంది. అయినా 2019కి అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ లెక్కలో చేరిన ఘటనలు 7,300 పైచిలుకే. ఇళ్లకు వెళ్లి అడిగే ప్రభుత్వ సర్వే మాత్రం 2005 నుంచి 2019 వరకు సగటున ఏటా 2.5 లక్షల దాకా ఉంటాయని అంచనా వేసింది. మా దగ్గర కేసులు తక్కువ అని ఏ అధికారైనా మీతో అంటే, దయచేసి ఈ రెండు అంకెలూ గుర్తు చేసుకోండి.

రాసుకునేవాళ్లకు పెద్ద చదువు అక్కర్లేదు. కొట్టేటప్పుడు ఏమన్నారు? ఏదైనా పండగ రోజా, ప్రార్థనా స్థలం దగ్గరా? గోడ మీద ఏమైనా రాశారా? దోచుకోకుండానే వెళ్లిపోయారా? ఇంతకుముందు ఇక్కడ ఇలాంటిది జరిగిందా? ఈ ప్రశ్నలు, జవాబులు రాయడానికి ఫిర్యాదు ఫారంలో ఒక గడి, అది ఖాళీగా వదిలితే ఎందుకు వదిలారో అడిగే పై అధికారి ఒకరు. స్టేషన్‌కు రావడానికే భయపడేవాళ్ల తరఫున నమ్మకమైన మరొకరు ఫిర్యాదు ఇచ్చే వీలు కూడా ఉండాలి.

నివారణ గురించి ఒక్క విషయం. అమెరికాలోని బోస్టన్ పోలీసుల విద్వేష నేరాల కేసు ఫైళ్లు చదివిన పరిశోధకులు జాక్ మెక్‌డెవిట్, జాక్ లెవిన్ బృందానికి ఎక్కువగా కనిపించింది కరడుగట్టిన సిద్ధాంతవాదులు కారు. సరదా కోసం గుంపుగా బయల్దేరిన కుర్రాళ్లు. నాకిది చాలా ఆశ కలిగించే సంగతి. అలాంటి గుంపులో కనీసం ఒకడికైనా లోపల ఇష్టం ఉండదు, కాదనే ధైర్యం ఉండదు. వాడి దాకా చేరాలంటే గోడ మీద మొదటి రాత, బస్సులో మొదటి తిట్టు మన లెక్కలోకి రావాలి. చిన్నవి నమోదైతేనే ఏ బడికి, ఏ వీధికి ముందు మనుషుల్ని పంపాలో మీకు తెలుస్తుంది.

ఆ కుర్రాడి ఫిర్యాదు నకలు నా దగ్గర ఉంది. మీకు చూపించడానికి అతను ఒప్పుకున్నాడు. ఫారం మార్చే పని మీ శాఖలో ఎవరికి అప్పగించినా, ముందు ఆ ఒక్క కాగితం వాళ్ల ముందు పెట్టి, ఆ సాయంత్రం ఏం జరిగిందో అతని నోటితోనే చెప్పించడానికి ఒక అరగంట ఇప్పించండి.

భవదీయురాలు,
బాధితులకు తోడు వెళ్లే ఒక కార్యకర్త