లాంచీల్లోని జనరేటర్ల గురించి పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రివర్యులకు నమస్కారాలు.

నాగార్జునసాగర్‌లోనూ, కొల్లాపూర్ దగ్గరి సోమశిలలోనూ కృష్ణానది మీద తిరిగే లాంచీల్లో లైట్లకు, ఫ్యాన్లకు, మైకుకు, ఏసీ ఉన్న చోట ఏసీకి కరెంటు ఇచ్చే డీజిల్ జనరేటర్ల గురించి మీకు ఈ లేఖ రాస్తున్నాను. నేను హాలియా ప్రాంతంలో డీజిల్ మెకానిక్‌ని. వరికోత మిషన్లు, బోరుబండ్ల కంప్రెషర్లు, ఫంక్షన్ హాళ్ల జనరేటర్లు బాగుచేయడం నా వృత్తి. పిలుపు వస్తే జెట్టీకి వెళ్లి లాంచీల ఇంజన్లూ చూస్తాను. మీకు విన్నవించుకునేది ఒక్కటే. జనరేటర్ వేడెక్కినప్పుడు దానంతటదే ఆగిపోయేలా కంపెనీ పెట్టిన ఏర్పాటును ఎవరూ తీసేయకుండా చూడండి. పొగ వస్తే ప్రయాణం ఆపే అధికారాన్ని లాంచీ నడిపే మనిషికి రాతపూర్వకంగా ఇవ్వండి.

పడవ ప్రమాదం అనగానే మనందరికీ తోచేది మునగడమే. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన ఘోరం తర్వాత లైఫ్ జాకెట్ల గురించి, ఎక్కించుకునే మనుషుల లెక్క గురించి జనంలో కూడా పట్టింపు పెరిగింది. అది ఎంతో అవసరం. కానీ లైఫ్ జాకెట్ నీళ్ల నుంచి కాపాడుతుందే తప్ప పొగ నుంచి, మంట నుంచి కాపాడలేదు. పొలంలోనో, ఫంక్షన్ హాలు వెనకాలో జనరేటర్ పొగలు కక్కితే మనం నాలుగడుగులు దూరం జరుగుతాం. లాంచీలో అదే జనరేటర్ ప్రయాణికుల కాళ్ల కింద, ఒక చెక్క పలకకో ఇనుప రేకుకో అవతల, డీజిల్ ట్యాంకుకు దగ్గర్లో ఉంటుంది. దూరం జరగడానికి అక్కడ చోటు లేదు. సాగర్ నుంచి శ్రీశైలం దాకా నూరు కిలోమీటర్లకు పైబడిన దారిలో ఎక్కువ భాగం నల్లమల అడవుల మధ్య సాగుతుంది. అక్కడ ఏదైనా జరిగితే సాయం అందడానికి ఎంతసేపు పడుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

లాంచీ జనరేటర్ ఎందుకు వేడెక్కుతుందో కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే నేను అడిగేవన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. పడవ కోసమే తయారైన జనరేటర్ చాలావరకు రోడ్డు మీది జనరేటర్‌లాగా రేడియేటర్ గాలితో చల్లబడదు. పడవ అడుగున ఉన్న వాల్వు నుంచి నది నీటిని పంపు లోపలికి లాగుతుంది. ఆ నీరు జాలీ గుండా వడకట్టబడి, హీట్ ఎక్స్ఛేంజర్‌లో కూలెంట్ (ఇంజన్ లోపల తిరుగుతూ దాన్ని చల్లబరిచే ద్రవం) వేడిని తీసుకుని, చివరికి సైలెన్సర్ గొట్టంలోకి దూకి, పొగను కూడా చల్లార్చి, దానితో కలిసి పడవ పక్క నుంచి బయటపడుతుంది. కాబట్టి బయటికి వచ్చే ఆ నీటిధారే జనరేటర్ ఆరోగ్యానికి మొదటి గుర్తు. ధార సన్నబడిందంటే ఇంజన్ మీటరు ముల్లు ఇంకా కదలకముందే లోపల ఇబ్బంది మొదలైనట్టు. ఆ ధారను రోజూ చూసే మనిషి ఒక్కడుంటే సగం ప్రమాదాలు పుట్టకముందే ఆగిపోతాయని నా గట్టి నమ్మకం.

సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, కనీస నీటిమట్టం 510 అడుగులు. నీళ్లు దిగుతున్నకొద్దీ లాంచీలు ఒడ్డు బురదకు దగ్గరవుతాయి, జాలీలోకి ఒండ్రు, నాచు, ప్లాస్టిక్ కవర్ల ముక్కలు చేరతాయి. శివరాత్రికి ఏలేశ్వరం గట్టు మల్లన్న దగ్గరికి లాంచీలు కిక్కిరిసి వెళ్తాయి. ఆ రోజుల్లో పూలు, కొబ్బరి పీచు, కవర్లు నీటి మీద ఎంత తేలుతాయో తమకూ తెలుసు. జాలీ మూసుకుపోతే పంపుకు నీరందదు. పంపులో తిరుగుతూ నీటిని తోసే రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్, రబ్బరుది. దాన్ని తడిపేదీ చల్లబరిచేదీ ఆ నీరే. నీరు లేకుండా తిరిగితే కాసేపట్లోనే దాని రెక్కలు కాలి ఊడిపోతాయి.

ఒక లాంచీలో జనరేటర్ వేడెక్కి పై అంతస్తు దాకా పొగ కమ్మిందని పిలిస్తే ఒకసారి వెళ్లాను. ఎవరి లాంచీయో ఇక్కడ అనవసరం. పంపు మూత విప్పి చూస్తే ఇంపెల్లర్ రెక్కలు మొదళ్ల దాకా తెగిపోయి, మధ్య ఇత్తడి గుండు మాత్రం మిగిలింది. కొత్త ఇంపెల్లర్ వేస్తే సరిపోయేదే అని అక్కడున్నవాళ్లు అన్నారు. కానీ ఊడిన రెక్కలు ఎక్కడికో పోయి ఉండాలి కదా! హీట్ ఎక్స్ఛేంజర్ మూత తీస్తే లోపలి సన్నని గొట్టాల మూతుల్లో ఆ నల్లని రబ్బరు ముక్కలు బిరడాల్లా బిగుసుకుని కనిపించాయి. వాటిలో కొన్ని గట్టిపడి, అంచులు అరిగి, ఇంతకుముందెప్పుడో ఊడిన ఇంపెల్లర్‌వని తెలుస్తున్నాయి. అప్పుడు మార్చినవాళ్లు పాత ముక్కల్ని వెతకలేదు. సైలెన్సర్ రబ్బరు గొట్టం లోపలి పొర కమిలి పొలుసులుగా లేచింది. అన్నింటికన్నా నన్ను కలవరపెట్టింది వేరే ఉంది. వేడి హద్దు దాటితే ఇంజన్‌ను ఆపే స్విచ్చు దగ్గర, దానికి వెళ్లే రెండు తీగలను పీకి, ఒకదానికొకటి మెలిపెట్టి, పైన టేపు చుట్టారు. ఇక ఎంత వేడెక్కినా ఆ స్విచ్చు ఇంజన్‌ను ఆపలేదు. ఆ టేపు మీద పేరుకున్న నూనె మడ్డిని బట్టి అది ఆ రోజు చేసిన పని కాదు.

జనరేటర్ చూసుకునే కుర్రవాణ్ణి అడిగితే, "అన్నా, మాటిమాటికీ ఆగుతున్నదని తిడుతుండ్రు, అందుకే డైరెక్ట్ చేసినం" అన్నాడు. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. ఏసీ ఆగితే ప్రయాణికులు అరుస్తారు, ప్రయాణం ఆగితే టికెట్ డబ్బు తిరిగివ్వాలి, ఆ రోజు కూలి ఎవరు ఇస్తారన్న ప్రశ్న చివరికి అతని మెడకే చుట్టుకుంటుంది. ఆ స్విచ్చు చెప్పే మాట వినిపించుకోవడానికి అతనికి మనం ఏ భరోసా ఇచ్చాం? వేడి స్విచ్చును, ఆయిల్ ఒత్తిడి పడిపోతే ఇంజన్‌ను ఆపే ఆయిల్ ప్రెషర్ స్విచ్చును ఇలా డైరెక్ట్ చేయడం ఒక్క లాంచీతో పోయేది కాదు. బోర్ల దగ్గర, పెళ్లి పందిళ్ల దగ్గర ఇది మా పనిలో అలవాటుగా మారిపోయింది. నేల మీద అది ఇంజన్‌ను చంపుతుంది. నీటి మీద మనుషుల్ని చంపగలదు.

పొగ రంగు గురించి కూడా లాంచీ సిబ్బందికి ఎవరైనా నేర్పాలి. నల్లటి పొగ వస్తే డీజిల్‌కు తగిన గాలి అందడం లేదనో, జనరేటర్ మోయగలిగిన దానికన్నా లోడు ఎక్కువైందనో, డీజిల్ చిమ్మే నాజిల్ చెడిందనో అర్థం. ముందు ఏసీ, హీటర్లు తీసేసి చూడాలి, ఎయిర్ ఫిల్టర్ విప్పాలి. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతున్నట్టు. తెల్ల పొగ దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే కాసేపు తెల్లగా రావడం మామూలే. లోడు మీద నడుస్తుండగా తెల్లగా వస్తే అది చాలాసార్లు పొగ కాదు, ఆవిరి: సైలెన్సర్‌లోకి నీరు తగ్గిపోయి, వచ్చిన ఆ కాస్త నీరూ కాగిపోతోందన్నమాట. దాంతోపాటు రబ్బరు కాలిన వాసన వస్తే గొట్టం కరగడం మొదలైందని వెంటనే ఇంజన్ ఆపాలి. తెల్ల పొగ తగ్గకుండా, కూలెంట్ కూడా రోజూ తగ్గుతుంటే హెడ్ గాస్కెట్‌ను, అంటే ఇంజన్ పైభాగమైన హెడ్‌కూ సిలిండర్లకూ మధ్య బిగించే పొరను, అనుమానించాలి. ఇంజన్ వైపు కాకుండా కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ వైపు నుంచి వార్నిష్ మాడిన వాసన వస్తే అది లోపలి తీగచుట్టదో (వైండింగ్), వదులైన టెర్మినల్‌దో. ముందు బ్రేకర్ పడగొట్టి, తర్వాత ఇంజన్ ఆపాలి.

కంటికి కనిపించని ప్రమాదం మరొకటుంది. సైలెన్సర్ గొట్టం లోపల చిల్లుపడితే కార్బన్ మోనాక్సైడ్ కింది అరలో నిండుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వాంతి, మగత మొదలైతే పడవ కుదుపు పడలేదేమో అనుకుంటారు. సంతల్లో దొరికే చిన్న పెట్రోల్ జనరేటర్‌ను మూసిన చోట పెట్టడం ఇంకా ప్రమాదం; పెట్రోల్ ఆవిరి మామూలు వాతావరణంలోనే చిన్న నిప్పురవ్వ తగిలినా అంటుకుంటుంది, దాని పొగలో ఈ విషవాయువు డీజిల్ పొగలో కంటే చాలా ఎక్కువ. అలాంటివాటిని లాంచీ లోపలికి రానివ్వకూడదని నా మనవి. పందిళ్లకు అద్దెకిచ్చే గాలితో చల్లబడే జనరేటర్‌ను తెచ్చి పలకల కింద బిగించినా కష్టమే. అది వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. ఆల్టర్నేటర్ సామర్థ్యాన్ని సాధారణంగా చుట్టూ 40 డిగ్రీల వేడి ఉంటుందన్న లెక్కతో చెబుతారు. మన నల్లగొండ ఎండలు బయటే 45 డిగ్రీలను తాకుతాయి. మూసిన గది లోపల ఎంత ఉంటుందో ఊహించండి. పేరుకు తగ్గ లోడును వేసవిలో అది మోయలేదు.

పొగ వచ్చిన తొలి నిమిషంలో సిబ్బంది ఏం చేయాలో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఇంజన్ గది తలుపు మీద బిగించాలి. లోడు తీసేయాలి; బయట నీటిధార చూడాలి; ధార బాగానే ఉండి వేడి మాత్రమే పెరిగితే లోడు లేకుండా కొద్దిసేపు నడిపి ఆపాలి; ధార లేకపోయినా, గదిలోనే పొగ ఉన్నా వెంటనే ఆపి, డీజిల్ వాల్వు కట్టేయాలి. కాగుతున్న ఇంజన్ కూలెంట్ మూత తిప్పకూడదు, ఒత్తిడి మీదున్న వేడినీరు ముఖం మీదికి చిమ్ముతుంది. వేడి ఇంజన్ మీద చల్లనీళ్లు పోయకూడదు, హెడ్ పగలవచ్చు. లోపల మంట ఉందని అనుమానముంటే తలుపు బార్లా తెరవకూడదు, తాజా గాలి మంటకు బలమిస్తుంది. సందులోంచి మంటలార్పే సిలిండర్ వదిలి, ప్రయాణికులను గాలి వచ్చే వైపుకు జరపాలి. ఇంజన్ స్టార్ట్ కాకపోతే సెల్ఫ్ పదేపదే కొట్టడం కూడా మానాలి: ఇంజన్ అందుకోకుండా పంపు మాత్రం తిరుగుతుంటే నీరు సైలెన్సర్ నిండి, వెనక్కి తన్ని సిలిండర్లలోకి దిగుతుంది. ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టాల్సి వస్తే నది నీటి వాల్వు మూసి, ఇంజన్ అందుకోగానే తెరవాలి.

చట్టం లేదని నేను అనడం లేదు. 1917 నాటి పాత చట్టం స్థానంలో పార్లమెంటు 2021లో ఇన్‌లాండ్ వెస్సల్స్ చట్టాన్ని తెచ్చింది. యంత్రంతో నడిచే పడవకు సర్వే సర్టిఫికెట్ ఉండాలి, సర్వేయర్లను నియమించవలసింది రాష్ట్ర ప్రభుత్వమే. ఆ సర్వేలో జనరేటర్ ఉందా, నడుస్తోందా అని చూడటంతో సరిపెట్టకుండా, అది ఆగుతోందా అని కూడా చూడమని ఆదేశించండి. సర్వేయర్ ఎదుట వేడి స్విచ్చును, ఆయిల్ స్విచ్చును పరీక్షించాలి. ఇంజన్ తనంతట తాను ఆగితేనే సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాలి. ఇందుకు పెద్ద ఖర్చేమీ లేదు. ఆ తర్వాత ఎవరైనా తీగలు మెలిపెడితే కుర్రవాణ్ణి కాకుండా లాంచీ యాజమాన్యాన్ని బాధ్యుల్ని చేయాలి. ఈ చివరి మాట మీద నాకు అన్నింటికన్నా ఎక్కువ పట్టుదల ఉంది, ఎందుకంటే ఇంతకాలం తప్పు ఎప్పుడూ కింది మనిషి దగ్గరే తేలుతోంది.

ప్రతి లాంచీలో ఒక విడి ఇంపెల్లర్, బెల్టు, కూలెంట్, పంపు మూత గాస్కెట్ ఉండాలి. రోజూ పొద్దున జాలీ విప్పి కడిగినట్టు ఒక పుస్తకంలో సంతకం ఉండాలి. ఇంజన్ గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. పొగ కారణంగా లాంచీ ఆపినా, వెనక్కి తిప్పినా డ్రైవర్‌కు గానీ మెకానిక్‌కు గానీ ఆ రోజు జీతం కోయకూడదని, టికెట్ నష్టాన్ని వాళ్ల మీద వేయకూడదని ఉత్తర్వు రావాలి. ఐటీఐలలో మెకానిక్ డీజిల్ కోర్సు చదివే పిల్లలు మన జిల్లాల్లోనే ఉన్నారు; వాళ్లను కొన్నాళ్లు జెట్టీల దగ్గర శిక్షణకు పంపితే వాళ్లకు పని వస్తుంది, లాంచీలకు చూసే కళ్లు వస్తాయి.

వచ్చే శివరాత్రిలోపు సాగర్‌లోనూ, సోమశిలలోనూ ఉన్న ప్రతి లాంచీ జనరేటర్‌కు ఈ ఆగే పరీక్ష చేయించి, ఫలితాన్ని జెట్టీ దగ్గర టికెట్ కౌంటర్ పక్కన అతికించమని కోరుతున్నాను. మీ అధికారులు పిలిస్తే నా పనిముట్లు తీసుకుని వచ్చి, పరీక్ష ఎలా చేయాలో ఏ ఫీజూ లేకుండా చూపిస్తాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక డీజిల్ మెకానిక్,
హాలియా, నల్లగొండ జిల్లా