స్టోర్ రూంలోని రాజుగారి పటం గురించి మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సాంస్కృతిక శాఖ మంత్రి గారికి, నమస్కారం.

ప్రజావాణిలో ఇచ్చిన అర్జీలకు రసీదులు వచ్చాయి, జవాబు రాలేదు. మా ఊళ్లో సంస్థానం నాటి భవనం ఇప్పుడు ప్రభుత్వ ఆఫీసు. అందులో విరిగిన కుర్చీల వెనక పడి ఉన్న రాజుగారి నిలువెత్తు ఆయిల్ పెయింటింగ్ సంగతి మీకు తెలియంది కాదు. మీ సిబ్బంది వచ్చి ఫోటోలు కూడా తీసుకుపోయారు.

పోయిన వానాకాలం పైకప్పు కారి కాన్వాసు ఉబ్బింది, రంగు పెచ్చులుగా రాలుతోంది. తర్వాత గోడలకు సున్నం వేసేవాళ్లు వచ్చారు. పటం మీద గుడ్డయినా కప్పలేదు. రాజుగారి ముఖమంతా సున్నం చుక్కలు! ఎవరో పుణ్యాత్ములు తడిగుడ్డతో రుద్దారు. చుక్కలతో పాటు వార్నిష్ పోయింది, సగం మీసమూ పోయింది. ఇప్పుడు బోర్డులు రాసే పెయింటర్‌తో ఎనామిల్ కొట్టిస్తారట. దండం పెడతాను, ముందు అది ఆపించండి.

రాజుల మీద ప్రేమతో అడగడం లేదు సార్. మా తాత ఆ కోటకు వెట్టి చేసిన మనిషి. ఆయన ఎందుకు తలెత్తలేదో ఆ పటం చూస్తే అర్థమవుతుంది. కింద నిలబడి చూసేవాడి మీదికి రాజు చూపు దిగేలా గీశారు. చెయ్యి కత్తి పిడి మీద, వెనక స్తంభం, పక్కన మఖ్మల్ తెర. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీకి 1701లో చిత్రకారుడు రిగో గీసిన పటంలోనూ ఇలాంటి హంగులే: నడుముకు కత్తి, వెనక స్తంభం, పక్కన తెర. అప్పటికి ఆయనకు అరవై దాటాయి, పటంలో కాళ్లు మాత్రం కుర్రాడివి. స్పెయిన్ రాజైన మనవడికి పంపుదామని గీయించి, నచ్చి తనే ఉంచుకున్నాడు. రాజరికాన్ని కూలదోసిన ఆ దేశమే ఇవాళ దాన్ని లూవ్ర్ మ్యూజియంలో పదిలంగా చూసుకుంటోంది.

మీకు ఇవన్నీ చెప్పాలా? చౌరస్తాలో మీ ఫ్లెక్సీ కూడా మేం మెడలెత్తి చూసేంత ఎత్తులోనే ఉంది. అది చిరిగితే తెల్లారేసరికి కొత్తది వస్తుంది. మాకంత స్పీడు అక్కర్లేదు.

హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది, పాత చిత్రాలు బాగుచేయడం తెలిసినవాళ్లు ఉన్నారు. ఒకరిని పంపండి. ఆ పటాన్ని పిల్లలు చూసేచోట పెట్టించి, అధికారాన్ని ఎలా గీస్తారో పక్కన నాలుగు ముక్కలు రాయించండి. అదీ కుదరకపోతే కనీసం ఆ గదికి తాళమైనా వేయించండి. తాళంచెవి మాత్రం పెయింటర్‌కు ఇవ్వకండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాయింగ్ సారు,
పాలమూరు