మీటరు బోర్డు దగ్గరే విద్యుత్తు పాఠం చెప్పాలి

సంపాదకుల వారికి నమస్కారములు.

వానాకాలం వచ్చిందంటే మీ పత్రిక జిల్లా పేజీల్లో విద్యుదాఘాతం వార్తలు తరచుగా కనిపిస్తాయి. తడి బట్టలు ఆరేస్తూ ఒకరు, పొలంలో మోటారు స్విచ్చి వేస్తూ ఒకరు, అడవిపందుల కోసం చేను చుట్టూ పెట్టిన కరెంటు తీగ తగిలి మరొకరు ప్రాణాలు పోగొట్టుకుంటారు. ఆ వార్తల్లో సిబ్బంది నిర్లక్ష్యం గురించీ, నష్టపరిహారం గురించీ రాస్తారు. అవి రాయవలసినవే. అయితే ఈ చావుల్లో కొన్నింటినైనా ముందే ఆపగల చోటు మన ఉన్నత పాఠశాల సైన్సు తరగతి అనీ, దాన్ని మనం అందుకు వాడుకోవడం లేదనీ మీ ద్వారా ఆంధ్ర, ఒడిశా రెండు రాష్ట్రాల విద్యాధికారులకు చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

నేను గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఉంటూ, ఇటు కాశీనగర్, గుణుపురం వైపు పల్లెల్లోనూ, అటు సరిహద్దు దాటి పాతపట్నం వైపునా ఇళ్లకు వైరింగు పని చేస్తుంటాను. మా పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియాలో చదువుకుంటారు. కొందరు సరిహద్దు అవతల తెలుగు బడికి వెళతారు. ఏ భాషలో చదివినా పదో తరగతి పిల్లలు, వోల్టేజిని నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుందనే ఓమ్ నియమాన్ని తడుముకోకుండా అప్పజెబుతారు. అదే పిల్లల్ని వాళ్ల ఇంటి మీటరు బోర్డు ముందు నిలబెట్టి, కరెంటు కొట్టినప్పుడు మిమ్మల్ని కాపాడేది ఇందులో ఏదని అడిగితే ఫ్యూజు వైపు వేలు చూపిస్తారు. పెద్దల నుంచి కూడా నాకు ఎక్కువగా వచ్చే జవాబు అదే.

ఆ నమ్మకం ప్రాణాల మీదికి తెస్తుంది. ఫ్యూజు కాపాడేది తీగను మాత్రమే. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. చర్మం బాగా తడిసినప్పుడు ఒంటి నిరోధం సుమారు 1000 ఓములకు పడిపోతుంది. పిల్లలకు వచ్చిన ఆ ఓమ్ నియమం ప్రకారమే భాగించి చూస్తే ఒంట్లో పారే కరెంటు 230 మిల్లీ ఆంపియర్లు, అంటే పావు ఆంపియరు కూడా కాదు. పాత రకం 60 వాట్ల బల్బు తీసుకునే కరెంటు కూడా ఇంచుమించు అంతే. 5 ఆంపియర్ల ఫ్యూజుకు గానీ, కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్చి అయిన 16 ఆంపియర్ల ఎంసీబీకి గానీ అది లెక్కలోకి రాదు. ఒక మనిషి అక్కడ కొట్టుకుంటున్నా ఫ్యూజు కాలదు, ఎంసీబీ పడిపోదు. గుండె లయ తప్పడానికి మాత్రం అందులో ఎనిమిదో వంతు, 30 మిల్లీ ఆంపియర్లు దాటి కొద్దిసేపు పారినా ప్రమాదమే. దీనికి తోడు, ఫ్యూజు ఊరికే పోతోందని దాంట్లో కేబులు నుంచి తీసిన లావు రాగి పోగును మెలిపెట్టి బిగించే అలవాటు మా పల్లెల్లో బాగా ఉంది. కరెంటు రెట్టింపైతే పుట్టే వేడి నాలుగు రెట్లవుతుందని జౌల్ నియమం చెబుతుంది. ఆ సూత్రం రాసి మార్కులు తెచ్చుకున్న అబ్బాయి ఇంట్లోనే, కరగవలసిన ఫ్యూజు కరగక, గోడలోని తీగ కాలుతోంది.

ఒంట్లో పారే కరెంటు సంగతి తరగతిలో చూపించడానికి వైరుమన్ జేబులో ఉండే టెస్టరు ఒక్కటి చాలు. వెనక బిరడా విప్పితే ఒక స్ప్రింగు, ఒక చిన్న నియాన్ దీపం, ఒక నిరోధకం బల్ల మీద పడతాయి. ఆ నిరోధకం విలువ సుమారు పది లక్షల ఓములు. టెస్టరు మొనను ఫేజుకు, అంటే కరెంటు వచ్చే తీగకు ఆనించి వెనక వేలు పెట్టినప్పుడు దీపం వెలుగుతుందంటే, కరెంటు మన ఒంటి గుండా నేలలోకి పోతున్నట్టే. ఆ నిరోధకం అడ్డుగా ఉండడం వల్ల పోయేది పావు మిల్లీ ఆంపియరు లోపే కనుక మనకు తెలియదు. అదే ఫేజును తడి చేత్తో తాకితే దాదాపు వెయ్యి రెట్ల కరెంటు పారుతుంది. చావుకూ బతుక్కూ మధ్య ఉన్నది ఆ నిరోధకం అని పిల్లలు కళ్లారా చూస్తే ఇక జన్మలో మరిచిపోరు. ఈ పాఠానికి అసలు కరెంటు జోలికే పోనక్కరలేదు. విప్పిన టెస్టరు, నల్లబల్ల, ఒక భాగహారం ఉంటే సరిపోతుంది.

పోయిన వానాకాలంలో ఒక పల్లెలో కొత్త గదికి వైరింగు చేస్తూ, దండెం తీగను ఎందుకో అనుమానం వచ్చి టెస్టరుతో తాకితే దీపం వెలిగింది. స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరును చూరు దగ్గర ఒక ఇనుప గొట్టానికి కట్టారు. బట్టలారేసే జీఐ (జింకు పూత ఇనుప) తీగ రెండో కొసనూ ఆ గొట్టానికే కట్టారు. గాలికి ఒరుసుకుని వైరు పైతొడుగు ఒకచోట అరిగి, రాగి బయటపడింది. ఎండ కాసినన్నాళ్లూ ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రోజు తడి నేల మీద నిలబడి తడి చీర ఆరేయవలసిన ఇల్లాలు ఆ పక్కనే ఉన్నారు. దండెం ఎప్పుడూ నైలాను తాడుదే ఉండాలనీ, కరెంటు వచ్చే గొట్టానికి దేన్నీ కట్టకూడదనీ చెప్పడానికి ఏ పుస్తకమూ అక్కరలేదు. అయినా బడిలో ఎవరూ చెప్పలేదని ఆ ఇంటి అమ్మాయి అంది.

మనిషిని కాపాడే పరికరం వేరే ఉంది. దాన్ని ఆర్‌సీసీబీ అంటారు. ఇంటికి సరిపడేది రెండు వేల రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది. కరెంటు వచ్చే ఫేజు తీగ, అది తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగ రెండూ దానిలోని ఒక లోహపు వలయం గుండా వెళతాయి. వెళ్లిన కరెంటంతా తిరిగి వస్తున్నంతసేపూ ఆ రెండింటి అయస్కాంత ప్రభావాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఎవరి ఒంటి గుండానో కొంత నేలలోకి పోతే తిరిగి వచ్చేది తగ్గి, వలయంలో అయస్కాంత ప్రభావం కొంత మిగులుతుంది. ఆ వలయానికి చుట్టిన మరో తీగచుట్టలో విద్యుత్తు ప్రేరితమై మీటను పడగొడుతుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే చాలు, సెకనులో మూడో వంతు కూడా గడవకముందే సరఫరా ఆగిపోతుంది. ఒక చేత్తో ఫేజునూ మరో చేత్తో న్యూట్రల్‌నూ పట్టుకున్నవాణ్ని మాత్రం ఇది కాపాడలేదని కూడా చెప్పి తీరాలి.

ఇక్కడే నా బాధ అంతా. ఈ పరికరం పనిచేసే సూత్రం 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ, అంటే అయస్కాంత ప్రభావం మారితే తీగచుట్టలో కరెంటు పుట్టడం. పాఠ్యభారం తగ్గించే పేరిట 2022-23లో జాతీయ పదో తరగతి సైన్సు పుస్తకం నుంచి విద్యుదయస్కాంత ప్రేరణ, విద్యుత్ మోటారు, జనరేటరు అనే మూడు భాగాలనూ తొలగించారు. ఒడిశాలో బ్లాకుకు ఒకటి చొప్పున ఉన్న ఆదర్శ విద్యాలయాలు సీబీఎస్ఈ అనే జాతీయ బోర్డువే కనుక అక్కడి పిల్లలకూ ఆ భాగాలు పోయాయి. మనం ఎక్కడున్నామో కూడా చూడాలి. డుడుమ జలపాతం దగ్గర ఆంధ్ర, ఒడిశా రాష్ట్రాలు కలిసి కట్టుకున్న మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి నడుస్తోంది. మల్కన్‌గిరిలో బలిమెల, కొరాపుట్‌లో కొలాబ్ ఉన్నాయి. ఎత్తు నుంచి పడే నీరు టర్బైనును తిప్పడం, అది అయస్కాంతాన్ని తిప్పడం, తీగచుట్టలో కరెంటు పుట్టడం మన కొండల్లో రోజూ జరుగుతున్న పని. ఇలాంటి ప్రాంతంలో పుట్టిన బిడ్డ ఆ సంగతి తెలియకుండా పది పాసవడం న్యాయం కాదు. తొలగించిన భాగాలను పరీక్షలో అడగకపోయినా సరే, తరగతిలో చెప్పాలి. ఒక కడ్డీ అయస్కాంతం, వంద చుట్లు చుట్టిన ఎనామెల్ తీగ, కొద్దిపాటి కరెంటునూ ముల్లుతో చూపించే ఒక గాల్వనోమీటరు ఉంటే ఒక్క పీరియడులో ముల్లు కదలడం చూపించవచ్చు.

నిజానికి మీటరు బోర్డు ఒక్కటే వేడి, విద్యుత్తు, అయస్కాంతత్వం పాఠాలు మూడింటికీ ప్రయోగశాల అవుతుంది. ఎంసీబీ లోపల రెండు లోహాలు అతికిన పట్టీ వేడికి వంగి అధిక లోడును ఆపుతుంది. షార్టు సర్క్యూట్ అయితే పక్కనున్న తీగచుట్ట అయస్కాంతమై లాగేస్తుంది. మూడు పిన్నుల ప్లగ్గులో, లీకైన కరెంటును నేలలోకి పంపే ఎర్తు పిన్ను మిగతా రెండింటి కన్నా పొడుగ్గా ఉండేది, అది అందరికన్నా ముందు తగులుకుని అందరికన్నా చివర విడివడడానికి. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పట్టదని ఆ పిన్ను కోసేసిన ఇళ్లు నేను చూశాను.

తుఫాను సంగతి విడిగా చెప్పాలి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు శ్రీకాకుళం, గజపతి జిల్లాల్లో స్తంభాలు వరసగా కూలాయి. తెగిన తీగ నేలను తాకిన చోట వోల్టేజి ఎక్కువగా ఉండి, దూరం పోయేకొద్దీ తగ్గుతుంది. అంగ పెద్దదిగా వేస్తే రెండు పాదాల మధ్య వోల్టేజి తేడా పెరిగి, కరెంటు ఒక కాలిలో ఎక్కి రెండో కాలి నుంచి దిగుతుంది. ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య ఎడం ఎక్కువ కనుక, గుండె ఆ దారిలోనే ఉంటుంది కనుక, మనిషి తప్పించుకున్న చోట కూడా ఆవు చనిపోతుంది. తీగ దగ్గర చిక్కుకున్నవారు పాదాలు రెండూ దగ్గరగా ఉంచి, నేల మీద నుంచి ఎత్తకుండా జరుపుకుంటూ దూరంగా పోవాలి. ఇది తుఫాను తీరంలో ఉన్న ప్రతి బడిలో పిల్లల చేత చేయించవలసిన అభ్యాసం.

కాబట్టి నేను కోరేది ఇది. రెండు రాష్ట్రాల సరిహద్దు జిల్లాల విద్యాధికారులు ప్రతి ఉన్నత పాఠశాలలోనూ చెక్క పలక మీద ఫ్యూజు, ఎంసీబీ, ఆర్‌సీసీబీ, మూడు పిన్నుల సాకెట్టు, ఎర్తు తీగ బిగించిన ఒక నమూనా బోర్డును, సరఫరాకు కలపకుండా, పెట్టించాలి. ఏటా వానలు మొదలయ్యే ముందు, తొమ్మిది, పది తరగతుల వారికి దాని ముందు పాఠం చెప్పించాలి. అంతకన్నా ముందు బడి భవనాల ఎర్తింగును విద్యుత్ ఇన్‌స్పెక్టరు చేత పరీక్షింపజేసి, అక్కడ ఆర్‌సీసీబీ పెట్టించాలి. మీరు జూన్ నెలలో జిల్లా పేజీలో ఈ బోర్డు బొమ్మను భాగాల పేర్లతో ఒక్కసారి అచ్చువేస్తే బోర్డు లేని బడుల్లో అది గోడకు అంటించుకోవచ్చు. పర్లాకిమిడి చుట్టుపక్కల ఏ పాఠశాల అడిగినా నమూనా బోర్డు బిగించి ఇవ్వడానికి నేను, నా తోటి వైరుమన్‌లు కూలి తీసుకోకుండా సిద్ధంగా ఉన్నాము. సామాను మాత్రం పాఠశాల సమకూర్చుకోవాలి.

ఇట్లు,
ఒక వైరుమన్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.