మీ బొంత ఆగింది వరద వల్ల కాదు

2024 అయిపోవస్తోంది, బొంతలు కుట్టమని ఇచ్చిన చీరల మూటలు నా దగ్గర ఇంకా పదమూడున్నాయి. చీరలిచ్చి నెలల తరబడి ఎదురుచూస్తున్న మీ అందరికీ విడివిడిగా ఫోన్ చేసి చెప్పాల్సిన విషయమే ఇది. కానీ ఫోన్లో అయితే మళ్లీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటానేమోనని నా మీద నాకే అనుమానం, అందుకని కూర్చుని రాస్తున్నాను.

ఈ ఏడాది 34 బొంతలకు చీరలు తీసుకున్నాను. 21 కుట్టి ఇచ్చేశాను. మిగిలిన పదమూడు మందీ సెప్టెంబరు తర్వాత ఎప్పుడడిగినా "వరదండీ" అన్నాను. ఆ ఒక్క మాటకే మీరంతా మెత్తబడిపోయి "అయ్యో, మీరు క్షేమంగా ఉన్నారు కదా, అది చాలు, బొంతదేముంది, నిదానంగా ఇవ్వండి" అన్నారు. ఒకావిడైతే మాకు రెండు కిలోల కందిపప్పు, ఒక దుప్పటి పంపించారు. ఆ పప్పు వండుకుని తిన్నాం కూడా.

నిజమేమిటంటే వరదలో తడిసినవి ఐదు మూటలే. మిగతా ఎనిమిదీ ఆ రోజు కూడా అటక మీదే, చుక్క నీరు తగలకుండా, కలరా ఉండల వాసన వేసుకుంటూ పొడిగా ఉన్నాయి. జులైలో ఎంతవరకు వచ్చి ఆగాయో ఇప్పుడూ అక్కడే ఉన్నాయి. కందిపప్పు పంపినావిడ మూట ఆ ఎనిమిదిలోదే.

వరద రాలేదని కాదు. మాది విజయవాడ సింగ్ నగర్. సెప్టెంబరు 1, ఆదివారం పొద్దున అట్ల పిండి బయటికి తీస్తుంటే గుమ్మం దగ్గర చెప్పులు తేలుతూ కనిపించాయి. ఊరంతా ప్రకాశం బ్యారేజీ వైపు చూస్తోంది, కృష్ణలో లక్షల క్యూసెక్కులు పోతున్నాయని టీవీల నిండా అదే, మమ్మల్ని ముంచింది మాత్రం గట్లు తెగిన బుడమేరు వాగు. మధ్యాహ్నానికి ఇంట్లో నడుం లోతు. కుట్టు మిషను బల్ల మీదకెక్కించాం, తర్వాత ఆ బల్లే మునిగింది. ఇంటి ఓనరు గారి మేడ మీద నాలుగు కుటుంబాల వాళ్లం పడుకున్నాం, పాలప్యాకెట్ పడవలో వస్తే పిల్లలున్న ఇంటికి ముందు అన్నట్టు నడిచింది వ్యవహారం. మా సందులో నీళ్లు తీయడానికి వారం పట్టింది. తర్వాత ఫైరింజన్ వాళ్లు వచ్చి పైపులతో బురద కడిగారు, కింది అంతస్తు వాళ్లకి ప్రభుత్వం ఇచ్చిన 25,000 వచ్చింది, మిషను మోటారుకీ ఫ్రిజ్జుకీ గోడలకీ సరిపోలేదు గానీ ఆదుకుంది.

కింది అరలో పెట్టిన ఐదు మూటల సంగతి వేరే చెప్పాలి. ప్లాస్టిక్ కవర్లలోనే ఉన్నాయి కదా అని మొదట్లో ధైర్యంగా ఉన్నాను. కవరు విప్పితే లోపల నీళ్లు, నీళ్లలో చీరలు, వారం రోజులు నానిన పచ్చి వాసన. మేడ మీద పెద్ద గంగాళంలో ఒక్కో చీరా ఎనిమిది తొమ్మిది నీళ్లలో జాడించాం, నేనూ పక్కింటి పిన్నిగారూ. చివరి నీళ్లలో కూడా అడుగున సన్నటి ఒండ్రు మట్టి పేరుకునేది. రెండు మూటలు బాగానే తేరాయి. ఒకదాంట్లో నల్లటి బూజు చుక్కలు పడ్డాయి, ఏం చేసినా పోలేదు. ఆ కస్టమరుకి అడ్వాన్సు మొత్తం తిరిగిచ్చేశాను, చీరలు కూడా ఇస్తానంటే నాకొద్దు అన్నారు, కోపంగానే అన్నారు. ఆ కోపం న్యాయమైనదే, వాళ్ల అత్తగారి చీరలవి. వానాకాలంలో మూటలు నేల మీద అరలో పెట్టడం నాదే తప్పు, దానికి బుడమేరుని అనడానికి లేదు.

నాలుగో మూటలో ఎర్ర నేత చీర రంగు దిగి, దాని కిందున్న తెల్ల మంగళగిరి చీర మీద అరచేతులంత గులాబీ మరకలు పడ్డాయి. ఫొటో తీసి పంపి, ఏం తిడతారో అని ఫోను పక్కన పెట్టేశాను. సాయంత్రానికి "అలాగే కుట్టెయ్యండి, మరక ఉన్న ముక్క పైకే రానివ్వండి" అని జవాబు. సరే, అలాగే కుడతాను. ఐదోవారు ఇంకా ఏ సంగతీ చెప్పలేదు, తొందరేం లేదు, ఆలోచించుకుని చెప్పండి.

ఇక ఆ ఎనిమిది.

ఒకటి పట్టుచీరల మూట. అసలు తీసుకోకుండా ఉండాల్సింది. ముప్పై నలభై ఏళ్లు బీరువాలో మడతల్లో ఉన్న పట్టు, మడత గీత దగ్గర పట్టుకుంటేనే చీలుతుంది. పైగా నూలు చీరలో సూది దూరి వెళ్లాక ఒక ఉతుకు పడితే పోగులు మళ్లీ దగ్గరికి చేరతాయి, పట్టులో కన్నం కన్నంలాగే ఉండిపోతుంది. ఇది నాకు తెలుసు. ఆవిడ చీర విప్పి చూపిస్తూ "ఇది మా అమ్మ పెళ్లి చీరండీ" అన్నప్పుడు కుదరదని అనలేకపోయాను, అంతే. ఏప్రిల్ నుంచి అది అటక మీద ఉంది. చీరలు, అడ్వాన్సు రెండూ వచ్చే వారం వచ్చి నేనే ఇస్తాను.

ఇంకొకటి, ఫొటో చూపించి "ఇలా కావాలి" అన్న బొంత. ఆరు పలకల చిన్న చిన్న ముక్కలు తేనెపట్టులాగా కలిపి కుట్టేది. వస్తుందనే అనుకున్నాను. ముప్పై ముక్కలు కలిపేసరికి ఒక మూల పైకి లేచి గిన్నెలా తయారైంది, విప్పి మళ్లీ కుట్టాను, ఈసారి ఇంకో మూల లేచింది. నాకొచ్చింది మా అమ్మ దగ్గర నేర్చుకున్న మామూలు బొంత: పొరలు పరిచి, నాలుగు మూలలా బరువులు పెట్టి, టాకాలు వేసుకుని, నిలువు వరుసలు కుట్టుకుంటూ పోవడం. మీకు అభ్యంతరం లేకపోతే అలా కుట్టిస్తాను. వద్దంటే డబ్బు వెనక్కి.

మరొకటి డల్లాస్ వెళ్లాల్సింది. మనవడి బారసాలకి అమ్మమ్మ చీరలతో చిన్న బొంత. ముప్పావు వంతు అయింది, పావు వంతు మిగిలింది, ఆ అబ్బాయి ఇప్పుడు సోఫాలు పట్టుకుని నడుస్తున్నాడట. పక్కలో వేయడానికి ఇక పనికిరాదు, మెడకి కట్టుకుని సూపర్‌మ్యాన్‌లా తిరగడానికైనా పంపిస్తాను.

ఇంకో మూటని కోయడానికి నాకు చేయి రావట్లేదు. ఆ వెంకటగిరి చీర అంత సన్నగా ఉంది, కొంగు మీద బుటాలు ఒక్కటీ చెదరలేదు, కట్టుకోవచ్చు ఇంకా. రెండుసార్లు కత్తెర పట్టుకుని రెండుసార్లూ మడతపెట్టేశాను. ఇచ్చినావిడతో ఒకసారి మాట్లాడి, మరీ కోయమంటే కోస్తాను.

మిగతా నాలుగూ ఏ అడ్డూ లేని మామూలు బొంతలు. మెత్తటి నూలు చీరలు, తేలిక రంగులు, కొలతలు రాసుకుని ఉన్నాయి. వీటికి నా దగ్గర ఏ సాకూ లేదు. కాకపోతే ఎందుకు చేతికి రాలేదో డిసెంబరులో లెక్క వేసుకుంటే అర్థమైంది.

మూడు చీరలతో ఐదు పొరల బొంత, అరవై అంగుళాలకి తొంభై. వరుసకీ వరుసకీ మధ్య ముప్పావు అంగుళం వదిలితే ఎనభై వరుసలు వస్తాయి. ఒక్కో వరుస ఏడున్నర అడుగులు, అంటే మొత్తం ఆరు వందల అడుగుల చేతికుట్టు. గంటకి రెండు వరుసలు పడితే గొప్ప, జరీ అంచు అడ్డొస్తే అదీ పడదు, అక్కడ సూదిని పటకారుతో లాగాల్సిందే. నలభై గంటలు. నేను తీసుకుంటున్నది 3,500. దారం, అంచు గుడ్డ, టాకాలకీ ఉతుకులకీ పట్టే రోజులూ పక్కన పెడితే గంటకి తొంభై రూపాయలు కూడా పడట్లేదు. ఈ లెక్క నేను ఆరేళ్లలో ఒక్కసారీ వేయలేదు, భయం. వేయకపోయినా చేతికి తెలిసిపోయినట్టుంది, బ్లౌజు కుట్టడానికి ఎవరైనా వస్తే బొంత పక్కకి నెట్టి మిషను ఎక్కేదాన్ని.

అందుకని జనవరి నుంచి బొంత 4,800. "చీరలు మావే కదా, కుట్టడానికే ఇంతా" అని అడిగేవాళ్లుంటారు, అడగండి, ఆరు వందల అడుగుల లెక్క చూపిస్తాను. ఇప్పటికే చీరలిచ్చిన వాళ్లకి మాత్రం పాత రేటే, ఆలస్యం నాది కాబట్టి. ఇంకోటి కూడా చెప్పేస్తాను: మీ అడ్వాన్సులు నా దగ్గర విడిగా లేవు, ఇంటి ఖర్చుల్లో కలిసిపోయాయి, అందుకే తిరిగివ్వాల్సిన వాళ్లకి కొంచెం కొంచెంగా ఇస్తున్నాను. ఇకనుంచి చీరలు కోసిన రోజే అడ్వాన్సు, అంతకు ముందు రూపాయి కూడా తీసుకోను.

ఇక నా సొంత పని ఒకటుంది, అదీ అటక మీదే. మా అమ్మ 2018లో పోయింది. ఇంట్లో కట్టుకునే నూలు చీరలు ఆరు తెచ్చుకున్నాను, కొత్తవి అక్కకి వదిలేశాను. ఏడాది తిరక్కుండానే బొంత మొదలుపెట్టి ముప్పై ఒక్క వరుసలు కుట్టాను. ఎవరిదో పెళ్లి ఆర్డరు వచ్చిందని సూది అలాగే గుచ్చి మడతపెట్టాను. మొన్న ధనుర్మాసం చలి మొదలయ్యాక అటక దులుపుతూ విప్పితే, సూది తుప్పు పట్టి గుడ్డకి అంటుకుపోయి ఉంది. లాగితే వచ్చింది గానీ అక్కడ మిరియం గింజంత గోధుమరంగు మచ్చ మిగిలింది. మీ మూటలకి అడిగేవాళ్లున్నారు. దీన్ని అడిగేవాళ్లు లేరు, నేను తప్ప. నేనూ అడగలేదు. దారం రంగు కూడా గుర్తులేదు, పాత వరుస మీద పెట్టి పోల్చుకుని కొత్త రీలు కొనుక్కొచ్చాను.

వచ్చే ఏడాది ఆదివారాలు దానికి. ఆదివారం ఫోన్ చేస్తే ఎత్తకపోవచ్చు, కోపగించుకోవద్దు. ఇంకో కోరిక కూడా ఉంది, కర్ణాటకలో ఉత్తర కన్నడ అడవుల వైపు సిద్దీ ఆడవాళ్లు కుట్టే కవంది అనే బొంత నేర్చుకోవాలని. వాళ్ల పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు. మనం ఒక కొస నుంచి రెండో కొసకి వరుసలు కుట్టుకుంటూ పోతాం, వాళ్లు అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యలోకి వస్తారు, పాత బట్టల ముక్కలు ఎప్పటికప్పుడు చేతితో మడుచుకుంటూ. వీడియో చూసి దిండు గలీబంత ముక్క మీద ప్రయత్నించాను. మధ్యకి చేరేసరికి గుడ్డ ఉబ్బి అప్పడంలా పొంగింది. కానీ సరదాగా ఉంది, అలా సరదాగా కుట్టి ఎన్నాళ్లయిందో. అమ్మకానికి కాదు, అడక్కండి.

ఇప్పుడు తేదీలు. సంక్రాంతి హడావుడిలో ఏమీ ముట్టుకోను, పిండివంటలూ ముగ్గులూ అయ్యాక, కనుమ మర్నాడు జనవరి 16న మొదలుపెడతాను. వాపసువి రెండూ, ఇంకా జవాబు రాని ఆ ఐదోవారిదీ తీసేస్తే కుట్టాల్సినవి పది. మార్చి 30 ఉగాదికి డెబ్భై మూడు రోజులున్నాయి, ఆదివారాలు తీసేస్తే అరవై మూడు, రోజుకి నాలుగు గంటల చొప్పున పది రోజులకొకటి అనుకుంటే ఆరు, ముప్పావు వంతు అయిపోయిన డల్లాస్‌దితో కలిపి ఏడు అవుతాయి. పదీ ఇచ్చేస్తానని రాయబోయి కొట్టేశాను, ఆ అలవాటే కదా ఇక్కడిదాకా తెచ్చింది. ఏడు. మిగతా మూడు ఏప్రిల్లో. మొదట డల్లాస్ బొంత, తర్వాత కందిపప్పు ఆవిడది, ఆ తర్వాత మూటలు ఇచ్చిన వరుసలో. కొత్త ఆర్డర్లు ఏప్రిల్ దాకా తీసుకోను. అటక మీద బదులు మూటలన్నీ హాల్లో, నేను కూర్చునే చోటికి ఎదురుగా పెట్టించాను, మా ఆయన టీవీ కనబడట్లేదని గొణుగుతున్నారు.

ఈలోగా భోగి వస్తోంది కాబట్టి ఒక్క మాట, పాత నూలు చీరలు మంటలో వేయకండి. నాకే ఇవ్వమని కాదు, ఇప్పుడిచ్చినా తీసుకోను. ఉతికి దాచుకోండి, ఇంట్లో ఎవరికో పురుడొచ్చినప్పుడు పొత్తిగుడ్డలకి వెతుక్కుంటారు.

ఇవన్నీ చదివాక ఇక నా మీద నమ్మకం లేదు, కుట్టకపోయినా పర్లేదు, చీరలు ఇచ్చేయండి అనేవాళ్లు మొహమాటపడకండి. ఏ రోజైనా మధ్యాహ్నం మూడు తర్వాత రండి, టీ తాగి, మూట విప్పి లెక్క చూసుకుని తీసుకెళ్లండి. వచ్చేటప్పుడు సంచి తెచ్చుకోండి, నా సంచులన్నీ వరదలో కొట్టుకుపోయాయి. ఇది మాత్రం నిజంగా వరదే.